ముగ్గుపిండి మీద బాక్స్ స్టెప్

మా డ్యాన్స్ మాస్టర్ మొదటి వారం పాటే పెట్టలేదు. స్పీకర్ ఓ మూలకు పడి ఉంది. మేమేమో అద్దం ముందు వరుసగా నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరుగుతూ ఉన్నాం. ఎడమకు ఒరిగి ఆగు, కుడికి ఒరిగి ఆగు. "ఇప్పుడు ఖాళీగున్న కాలు లేపుండ్రి" అంటాడు. లేపితే సగం మంది తూలేవాళ్లే. తూలారంటే బరువు అటు పూర్తిగా పోలేదని లెక్క. "మేడం, బరువు సగం ఇటు సగం అటు పంచుకొని నిలబడితే ఏ కాలూ మీ మాట ఇనది" అన్నాడు నాతో. పైసలు కట్టింది నిలబడడం నేర్చుకోవడానికా అని మా సారు, అంటే మా ఇంటాయన, నా వైపు చూశాడు. నేను అద్దం వైపు చూశాను.

హనుమకొండ నయీంనగర్‌లో మెడికల్ షాపు పైనున్న హాలు అది. పొద్దున జుంబా, సాయంత్రం పిల్లలకు సినిమా స్టెప్పులు, ఆ నడుమ మిగిలిన గంటలో మా జంటల క్లాసు. మాస్టర్ ఇక్కడి పిల్లగాడే. పుణెలో ఉద్యోగం చేస్తూ సల్సా అనే జంట డ్యాన్స్ నేర్చుకొని, ఉద్యోగం ఇంటి నుంచి చేసుకోవచ్చనేసరికి ఊరికి వచ్చేశాడు. క్లాసులో పెళ్లి కుదిరిన జంట ఒకటి, కాలేజీ అమ్మాయిలిద్దరు, మా వయసువాళ్లు కొందరు. నేను బ్యాంకులో కూర్చునే ఉద్యోగం, మా సారు కాజీపేటలో గూడ్సు గార్డు. గార్డు అనకూడదు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనాలట. మా ఇంట్లో మాత్రం ఇంకా గార్డే. డాక్టరు ఇద్దరినీ నడవమన్నాడు. భద్రకాళి బండ్ మీద ఆయన ముందు, నేను పది గజాల వెనక. ఈ నడక ఎన్నాళ్లు నడిచినా కలిసి నడిచినట్టు ఉండదని, నేనే ఈ క్లాసులో పేరు రాయించాను.

నాకు బాగా ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది. మనం స్టెప్ అనేది కాలు ఎక్కడ పెట్టాలన్న లెక్క కాదు, బరువు ఎప్పుడు మార్చాలన్న లెక్క. సల్సా బేసిక్‌నే తీసుకోండి. ఎనిమిది కౌంట్లు, అడుగులు ఆరే. ఒకటి, రెండు, మూడు వేసి నాలుగులో ఆగాలి. ఐదు, ఆరు, ఏడు వేసి ఎనిమిదిలో ఆగాలి. జంటలో లీడ్ చేసేవాళ్లు, అంటే నడిపించేవాళ్లు, ఒకటికి ఎడమ కాలు ముందుకు వేస్తారు, వాళ్లను ఫాలో అయ్యేవాళ్లు కుడి కాలు వెనక్కి. రెండుకు వేరే కాలి మీద ఉన్నచోటే బరువు మార్చాలి, మూడుకు మొదట వేసిన కాలు మధ్యకు వచ్చేయాలి. ఇటువైపు మూడు, అటువైపు మూడు. మూడు బేసి సంఖ్య కాబట్టి రెండో సగం తప్పనిసరిగా వేరే కాలితో మొదలవుతుంది. మూడో అడుగులో కాలు తెచ్చి ఊరికే ఆనించి, బరువు పాత కాలి మీదే ఉంచుకున్నారా, ఐదుకు లేవాల్సిన కాలు నేలకు అతుక్కుపోతుంది. చూసేవాళ్లకు కౌంటు తప్పినట్టు కనిపిస్తుంది గానీ తప్పింది కౌంటు కాదు.

బచాటాలో ఇది ఇంకా బాగా బయటపడుతుంది. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన డ్యాన్స్ అది, 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. పక్కకు మూడు అడుగులు, నాలుగుకు ఒక ట్యాప్. మళ్లీ ఇటు మూడు, ఎనిమిదికి ట్యాప్. ట్యాప్ అంటే మునివేళ్లతో నేలను తాకడమే, బరువు వేయడం కాదు. మావాళ్లు ఎక్కువమంది ఆగిపోయింది అక్కడే. తాకిన కాలి మీద ఒళ్లంతా మోపి, వెనక్కి అదే కాలితో పోవాలనేసరికి చిన్న గెంతు గెంతి కాలు మార్చుకుంటారు. ఆ గెంతును మాస్టర్ "జుగాడ్" అంటాడు.

సల్సాలో ఆ నాలుగూ ఎనిమిదీ ఊరికే ఆగే చోట్లనుకున్నాను. కాదు. సల్సా పాటల్లో చేతులతో వాయించే కొంగా డోలు మామూలు వరసలో ధుమ్ ధుమ్ అని తెరిచిన దెబ్బలు రెండు పడేది నాలుగో బీట్ దగ్గరే. మనం ఆగినప్పుడు డోలు మాట్లాడుతుందన్నమాట. ఆ దెబ్బ మా సారు నాకంటే ముందు పట్టాడు. చెవి ఆయనది, కాళ్లు నావి. ఇద్దరినీ కలిపితే ఒక మంచి డ్యాన్సర్ అవుతాడని మాస్టర్ అన్నాడు, పొగిడాడో తిట్టాడో తెలియలేదు.

కానీ సల్సా పాటలు పరుగు పెడతాయి. నిమిషానికి 180 బీట్లు దాటడం మామూలే. ఆ వేగంలో బరువు ఎక్కడుందో చూసుకునే టైముండదు. అందుకని మాస్టర్ మమ్మల్ని వాల్ట్జ్ అనే ఇంకో జంట డ్యాన్సులోని బాక్స్ స్టెప్‌కు దింపాడు. స్లో వాల్ట్జ్ నిమిషానికి 84 నుంచి 90 బీట్ల మధ్య ఉంటుంది, మూడు మూడుగా. తకిట తకిట అనుకుంటే సరిపోతుంది. లీడ్ చేసే ఆయన ఎడమ కాలు ముందుకు, కుడి కాలు పక్కకు, ఎడమ కాలు వచ్చి దానికి చేరడం. తర్వాత కుడి కాలు వెనక్కి, ఎడమ కాలు పక్కకు, కుడి కాలు చేరడం. నేల మీద ఒక చదరం పూర్తవుతుంది. ఫాలో అయ్యేవాళ్లు దాన్నే వెనక నుంచి మొదలుపెడతారు. ఇక్కడ ఆగే కౌంటు లేదు, ప్రతి బీట్‌కూ అడుగే. అయినా ఇక్కడా చిక్కు మూడో అడుగులోనే. చేరిన కాలి మీదికి బరువు దించాలి, అప్పుడే రెండోది ఖాళీ అవుతుంది.

ఇంట్లో డాబా మీద ప్రాక్టీసు కోసం మొదట చాక్‌పీసుతో చదరం గీశాను. గీత కనిపిస్తుంది గానీ మన అడుగు ఎట్లా పడ్డదో దాని మీద తెలియదు. తర్వాతి రోజు చాక్‌పీసు దొరక్క, వాకిట్లో వేయగా మిగిలిన ముగ్గుపిండి డబ్బా పైకి తీసుకుపోయి నాలుగు మూలలా పల్చగా చల్లాను. ఒక పాటంత సేపు వేసి, పక్కకు జరిగి చూస్తే మొత్తం కథ నేల మీదే రాసి ఉంది. మొదటి మూల దగ్గర నా మునివేళ్లు, తర్వాత మడమ, పాదం మొత్తం అచ్చు గుద్దినట్టు పడింది. వెనక్కి వేసే అడుగులో ముందు వేళ్లే ఆనాలి, మడమ తర్వాత దిగాలి, అది బాగానే ఉంది. పక్క అడుగు దగ్గర సన్నటి గీత ఒకటుంది, ఖాళీ పాదం నేలను రాసుకుంటూ పోయిన గీత. వాల్ట్జ్‌లో కాలు ఎత్తి ఎత్తి వేయరు కాబట్టి అదీ పర్వాలేదు. మా సారు వైపు మూడో మూల దగ్గర మాత్రం పిండి జానెడు మేర చీపురుతో ఊడ్చినట్టు తుడుచుకుపోయింది. కాలు ఖాళీ కాకముందే లాగుతున్నాడు. బరువుతో సహా లాగితే అట్లా తుడుచుకుపోతుంది. క్లాసులో మాస్టర్ ఎన్నిసార్లు చెప్పినా "నేను మారుస్తనే ఉన్న" అన్నవాడు, ఆ ఊడ్పు చూసి వంగి చేత్తో తడిమి, ఏమీ అనకుండా మళ్లీ మొదలుపెట్టాడు.

మా అత్తమ్మ మెట్లెక్కి వచ్చి చూసింది. "ముగ్గు తొక్కుడేందే, పండుగ గాదు పబ్బం గాదు?" అని అడిగింది. ఇది ముగ్గు కాదత్తమ్మా, ప్రాక్టీసు అన్నాను. కాసేపు నిలబడి చూసి, "చుక్కలు వెట్టలే గదా, అయితే ముగ్గు గాదు తియ్" అని తనే తీర్పు చెప్పింది. ఇంకాసేపు చూసి కొడుకుతో అంది: "నువ్వు దాన్ని చేతులు వట్టి గుంజుతున్నవ్‌రా. నువ్వు పో, అదే వస్తది." మాస్టర్ లీడ్ గురించి అరగంట చెప్పింది కూడా ఇదే. లీడ్ చేతుల్లోంచి రాదు. ముందు ఛాతీ కదులుతుంది, అంటే ఒంటి బరువు కదులుతుంది, చేతులు ఆ కబురు మోస్తాయంతే. మోచేతులు వేలాడిపోతే కబురు అందదు, బిగుసుకుపోతే దెబ్బలా తగులుతుంది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే కాళ్లు తొక్కుకోరా అని మా బ్యాంకులో అడుగుతుంటారు. సూటిగా ఎదురెదురు నిలబడరు. ఎవరికి వాళ్లు కొద్దిగా ఎడమకు జరిగి నిలబడతారు. అప్పుడు నా కుడి పాదం ఆయన రెండు పాదాల నడుమకు, ఆయన కుడి పాదం నా రెండింటి నడుమకు చూస్తుంది. ఆయన ముందుకు వేసే అడుగుకు చోటు ముందే ఉంటుంది. నేను చేయాల్సిందల్లా వెనక్కి వేసేటప్పుడు మోకాలు దగ్గర్నుంచి కాకుండా తొడ మొదట్నుంచి కాలు వెనక్కి పంపడం. మోకాలు మడిచి వెనక్కి వేస్తే అడుగు చిన్నదై, తొక్కుడు ఖాయం. కిందికి చూస్తే అసలే పనికిరాదు, తల వంగగానే ఒంటి బరువు ముందుకొచ్చి ఆయన మీద పడుతుంది.

మనవాళ్ల కాళ్లకు ముందు నుంచే ఒక బడి ఉంది, తీన్మార్. బ్యాండు కొట్టగానే మోకాళ్లు తమంతట తామే లేస్తాయి. బరాత్‌లో అది కావాలి. కానీ ఆ ఎగురుడు సల్సాలోకి వస్తే తల పైకీ కిందికీ ఊగి, చెయ్యి పట్టుకున్నవాళ్ల భుజం నొప్పి పుడుతుంది. మాస్టర్ గోడ మీద గీత గీసి, తల ఆ గీత దాటొద్దంటాడు. వాల్ట్జ్‌లో తల లేస్తుంది, దిగుతుంది కానీ మెల్లగా, మడమల మీంచి. నడుము ఊపాలని ప్రయత్నించేవాళ్లను చూస్తే నాకు నవ్వు ఆగదు. క్యూబా డ్యాన్సుల్లో ఆ నడుము కదలిక నడుముతో చేసేది కాదు. మోకాలు కొద్దిగా వంచి కాలు పెట్టి, బరువు దిగినాక మోకాలు నిటారు చేస్తే, ఆ వైపు తుంటి తనకు తానే జరుగుతుంది. బరువు మారకపోతే ఎంత ఊపినా అది ఊపుడే.

బతుకమ్మ ఆడిన ఆడవాళ్లకు బేసిక్ త్వరగా పట్టుబడుతుందని నా అభిప్రాయం, మా క్లాసులో మగవాళ్లు ఒప్పుకోరు. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర అంత జనంలో, ముందరామె వీపు తప్ప ఏమీ కనిపించని చోట కూడా చప్పట్లూ అడుగులూ తప్పవు. అడుగు, చేరిక, వంగడం, చప్పట్లు. ఎవరూ లెక్కపెట్టరు. చిన్నప్పుడు మా ఊళ్లో కోలాటం కూడా వేశాం, కర్ర ఎదుటివాళ్ల కర్రకు తగలాలంటే కాళ్లు టైముకు పోవాల్సిందే. కాకపోతే బతుకమ్మలో ఎవరి ఒంటికి వాళ్లే దొర. ఇక్కడ నా బరువు ఎప్పుడు మారాలో ఇంకొకరి ఒంటి నుంచి తెలుసుకోవాలి. నాకు కష్టమైంది అదే. బాక్స్‌లో తర్వాతేముందో నాకు తెలుసు కాబట్టి ఆయన కదలకముందే నా కాలు పోతుంది. ఒకరోజు మాస్టర్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన డ్యాన్స్ మధ్యలో ఒక బార్ మొత్తం, అంటే మూడు బీట్లు, కదలకుండా నిలబడ్డాడు. నేను ఒక్కదాన్నే వెనక్కి పోయి, చేతులు సాగి, ఆగిపోయాను. క్లాసంతా నవ్వు. ఆరోజు నుంచి మా సారు ఇంట్లో ఒకటే మాట: "సిగ్నల్ వడకముందే బండి తీస్తున్నవ్."

ఆదివారాలు పాత్రలు మార్చుకుంటాం, నేను లీడ్. డ్యూటీలో పచ్చజెండా తప్ప తెలియని ఆయన నా దగ్గర మాత్రం ఎదురుచూడలేడు.

ఇంకో మాట. సల్సా క్లాసుల్లో బయట పార్ట్‌నర్లను మార్చి మార్చి నేర్పుతారు. రెండు పాటలకోసారి అందరూ పక్కకు జరుగుతారు. ఇక్కడ మాస్టర్ అది పెట్టలేదు. పెడితే మూడోరోజు హాల్లో తనొక్కడే ఉంటాడని ఆయనకు తెలుసు. ఆయన్ను తప్పుపట్టను. కానీ నేర్చుకోవడానికి మార్చడమే మంచిది. ఇంటాయన గుంజుడు నాకు అలవాటైపోయి, అదే లీడ్ అనుకుంటున్నాను. ఆ కాలేజీ అమ్మాయి ఒకసారి నాకు లీడ్ చేసింది. చెయ్యి అసలు కదల్చలేదు, తను ముందుకు వచ్చింది, నా కాలు వెనక్కి పోయింది. ఇంత తేలికా అనిపించింది. ఇంటికొచ్చి ఈ మాట మా సారుకు చెప్పలేదు, ఇక్కడ చదువుకుంటాడు.

చెప్పుల సంగతి ఎవరూ చెప్పరు, మోకాళ్లు పోయేది అక్కడే. రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూ టైల్స్‌ను పట్టేసుకుంటుంది. తిరిగేటప్పుడు పాదం అక్కడే ఉండి ఒళ్లు తిరిగితే ఆ మెలిక మొత్తం మోకాలు మోయాలి. సాక్సులతో వేస్తే జారి పడతారు. డ్యాన్స్ షూలకు అడుగున స్వేడ్ తోలు ఉంటుంది, సగం పట్టు, సగం జారుడు. అవి ఆన్‌లైన్‌లో ఖరీదు. నేను చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పాత కాన్వాసు షూ తీసుకుపోయి, అడుగున తోలు అతికించమన్నాను. గరుకు వైపు బయటికి రావాలన్నాను. ఆయన తోలు ముక్కను అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్ది, "ఉల్టా అతికియ్యాల్నా? నడిస్తే అరుగుతది గదమ్మా" అన్నాడు. నడవడానికి కాదు, తిరగడానికి అన్నాను. మా సారు డ్యూటీ నల్ల బూట్లు కూడా అదే రోజు అక్కడ పెట్టబోతే మా సారే పడనీయలేదు.

మొన్న చుట్టాలొస్తే రామప్పకు పోయాం. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి జనం బాగా పెరిగారు. అక్కడ గైడ్లు ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక అనే ఆడమనిషి శిల్పాన్ని తప్పకుండా చూపిస్తారు. ఇదివరకు నేనూ దాన్నే చూసి ఆశ్చర్యపోయేదాన్ని. ఈసారి ఆ నల్లరాతి బొమ్మల్లో బరువు ఏ కాలి మీదుందో వెతుక్కుంటూ తిరిగాను. ఒక పాదం నేలకు పూర్తిగా ఆని, రెండోదాని మడమ లేచి ఉన్నచోట, తుంటి ఆనిన కాలి వైపుకే పోయి ఉంది. శిల్పికి ఆ లెక్క తెలుసు. నాట్యశాస్త్రం ఒక కాలి కదలికను చారి అంటుంది, రెండు కాళ్లు కలిసి కదిలితే కరణం అంటుంది. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనకు అధిపతి జాయప కూడా 1253-54 నాటి నృత్తరత్నావళిలో మార్గం (శాస్త్రం చెప్పినది), దేశి (ఆయా ప్రాంతాలది) అని రెండు తీర్లుగా ఇట్లాంటివన్నీ రాసిపెట్టాడు. ఏనుగుల లెక్క చూసుకునే మనిషికి అంత ఓపిక ఎక్కడిదో! మా చుట్టాలు కారులో కూర్చొని హారన్ కొట్టేదాకా నేను కాళ్లే చూస్తున్నాను.

ఇప్పుడు సల్సాలో రైట్ టర్న్ మొదలుపెట్టాం. ఫాలో అయ్యేవాళ్లు తిరిగేది ఐదు, ఆరు, ఏడులో. అంతకుముందే, మూడు దాటుతుండగా, లీడ్ చేసే ఆయన చెయ్యి పైకి లేవాలి. ఐదులో లేపితే నేను తిరిగేసరికి ఎనిమిది అయిపోతుంది. తిరగడమంటే ఏదో కొత్తది కాదు, అవే మూడు అడుగులు, ముందుకూ వెనక్కీ కాకుండా గుండ్రంగా వేయడం. బరువు వేసిన కాలి మునివేళ్ల మీద నిలబడితే ఒళ్లు తిరుగుతుంది, రెండు కాళ్ల నడుమ ఉంటే ఆగిపోతుంది. ఆయన గూడ్సు మీద బల్లార్షా వైపు పోయిన రాత్రుళ్లు వంటింట్లో అన్నం ఉడికేలోపు ఒక్కదాన్నే తిరుగుతుంటాను, చెయ్యి పైన ఎవరిదో ఉన్నట్టు లేపి. తలుపు దగ్గర అత్తమ్మ ఉందేమో ఒకసారి చూసుకొని.

వచ్చే వారం పెళ్లి, సంగీత్‌లో ఒక పాటకు వేయాలి, ఏదన్నా నేర్పమని మా హాలుకు జంటలు వస్తూనే ఉంటాయి. మాస్టర్ వాళ్లకు చెయ్యెత్తి తిప్పడం, వెనక్కి వంచి పట్టుకోవడం లాంటివి నేర్పి పంపిస్తాడు, ఫొటోలు బాగా వస్తాయి. నన్నడిగితే ఆ వంచుడు మానేయండి. పట్టుచీర, పూలజడ, హైహీల్స్, పైగా అవతల మనిషి జీవితంలో ఎవరి బరువూ మోసినవాడు కాదు. బచాటా పక్క అడుగు ఒక్కటి నేర్చుకోండి. మెల్లగా నడిచే ఏ నాలుగు బీట్ల పాటకైనా సరిపోతుంది, పాట మొత్తం దాంతోనే నెట్టుకురావచ్చు. మొన్న వచ్చిన పెళ్లికొడుకుకు నేనే పక్కన నిలబడి చూపించాను. మూడు అడుగులు బాగానే వేశాడు. ట్యాప్ దగ్గర మాత్రం, తమ్ముడూ, బరువు వెయ్యకు, వెయ్యకు అంటుండగానే వేసేశాడు. పెళ్లికింకా నాలుగు రోజులుంది, పొద్దున ఆరింటికి రమ్మన్నాను.